ఆపడానికి ఒకటి, కదలడానికి రెండు

ఫిబ్రవరి పదిహేడో తారీఖు, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంట. స్థలం: పేషెంటు నివాసం. హాజరైనవారు: సంస్థ తరపున సూపర్‌వైజరు, సంస్థ పంపిన ఆయమ్మ, పేషెంటు చెల్లెలు, పేషెంటు తమ్ముడు.

అంతవరకు చదివి సూపర్‌వైజరు తలెత్తాడు.

"సరిగ్గానే ఉంది కదా మేడమ్?"

చిన్నక్క చూపు తెరిచి ఉన్న తలుపు మీద ఉంది. తలుపుకు అవతల, కిటికీని ఆనుకుని ఉన్న మంచం మీద, ఎడమ చేతికి పిండికట్టుతో పెద్దక్క కళ్ళు తెరుచుకునే పడుకుని ఉంది. ఎవరి కోసం ఈ నలుగురూ కూడారో ఆ మనిషి పిలిస్తే పలికే దూరంలోనే ఉంది. హాజరైనవారిలో మాత్రం లేదు.

పిలిస్తే పలుకుతుందనడం మాటవరసకే. రెండేళ్ళ కిందటి పక్షవాతం పెద్దక్క కుడిభాగాన్నీ, నోటిమాటనీ ఒక్కసారే తీసుకుపోయింది. సర్వీసంతా సిటీ బస్సులో కండక్టరుగా నిలబడిన మనిషికి చివరకు మిగిలినవి ఒక ఎడమ చెయ్యీ, మెడలో వేలాడే ఇత్తడి ఈలా. ఆ ఈలతోనే ఆమె ఇన్నాళ్ళూ సంసారం నడుపుకొచ్చింది. ఆపడానికి ఒకటి, కదలడానికి రెండు. అన్నం చాలంటే ఒకటి. ఫ్యాను వెయ్యమంటే రెండు. పక్క మార్చాలన్నా, మంచినీళ్ళు కావాలన్నా ముందు ఒక ఈల వేసి మనిషిని నిలబెట్టేది. ఆ తరువాత ఎదుటివాళ్ళు ఒక్కొక్కటే అడుగుతూ పోతే, సరైనది వచ్చినప్పుడు రెండు ఊదేది.

మొన్న గురువారం ఆమె మంచం మీంచి పడింది. ఉన్న ఒక్క చెయ్యీ మణికట్టు దగ్గర విరిగింది.

సూపర్‌వైజరు మళ్ళీ చదవసాగాడు. సన్నటి మనిషి, గొంతు మాత్రం బరువుగా ఉంటుంది. "పేషెంటు ఎవరినీ పిలవకుండా, స్వంత నిర్ణయంతో మంచం దిగబోయి జారిపడ్డారు. ఆ సమయంలో ఆయమ్మ వంటగదిలో ఉన్నారు. పది నిమిషాల లోపే గమనించి లేవదీశారు. ఇకపై పేషెంటు క్షేమం దృష్ట్యా, మధ్యాహ్నం వేళ మంచానికి రక్షణ బెల్టు అమర్చడానికి కుటుంబం సమ్మతిస్తున్నది. ఇక్కడ మీ సంతకం మేడమ్. సర్వీసు మీ పేరు మీదే ఉంది కాబట్టి సార్ది అక్కర్లేదు."

సంచీలోంచి బెల్టు తీసి బల్ల మీద పెట్టాడు. బూడిదరంగు నైలాను పట్టీ, చివర్లో ఉక్కు బకిలు.

చిన్నక్క దాన్ని చేతిలోకి తీసుకుంది. పరదాల దుకాణంలో కొలతలు తీసి కుట్టించే పని ఆమెది. ఏ గుడ్డ చేతికొచ్చినా ముందు బొటనవేలు అంచు మీదికి పోతుంది.

"అంచు మడిచి కుట్టలేదు. కాల్చి వదిలేశారు. ఇది ఒంటిని కోస్తుందండీ."

"సాఫ్ట్ మెటీరియలే మేడమ్. అన్ని ఇళ్ళలో వాడుతున్నాం."

"మీరు కట్టుకుని పడుకుని చూశారా ఎప్పుడైనా?"

సూపర్‌వైజరు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడంతో మానుకున్నాడు.

"చిన్నక్కా," అన్నాడు తమ్ముడు గోడకు ఆనుకుని. బ్రెడ్డు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి వచ్చి, ఇంకా పడుకోలేదు. మోచేతుల దాకా వెంట్రుకల్లో పిండి తెల్లగా పట్టి ఉంది. "ప్రతిదానికీ పేచీ పెట్టకు. దుకాణానికి మళ్ళీ వెళ్ళాలన్నావు కదా. పెట్టేసి పో."

"నువ్వు కూర్చో ముందు. నిలబడి తూలుతున్నావు."

"కూర్చుంటే నిద్రపోతాను."

"మేడమ్, ఉన్నమాట చెబుతాను," సూపర్‌వైజరు కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. "సంతకం లేకపోతే రేపటినుంచి ఆయమ్మని పంపడం కుదరదు. ఒకసారి పడ్డ పేషెంటుని బెల్టు లేకుండా చూసుకోమని మా పైవాళ్ళు ఒప్పుకోరు. మీకు ఇష్టం లేకపోతే ఏదైనా హోమ్‌లో చేర్పించుకోవచ్చు."

హోమ్ అన్న మాట వినగానే చిన్నక్క తలుపు వైపు చూసింది. కిందటి వానాకాలం తనకు ఆపరేషనైనప్పుడు పెద్దక్కను కొన్ని వారాలు ఒక హోమ్‌లో ఉంచారు. గోడవైపు తిప్పి పడుకోబెట్టి, తిప్పడం మరిచిపోయారు అక్కడివాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు నడుం మీద పుండు తెచ్చుకుంది. అది మానడానికి చలికాలమంతా పట్టింది. ఆ హోమ్ పేరెత్తితే చాలు, ఇప్పటికీ ఈల ఒక్కసారి, గట్టిగా మోగుతుంది.

ఇవాళ మోగలేదు. పెద్దక్క వింటున్నదా, లేదా?

"పది నిమిషాలన్నారు," అంది చిన్నక్క నెమ్మదిగా. "ఎవరు చెప్పారు?"

"ఆయమ్మే."

ఆయమ్మ వంటగది గుమ్మం దగ్గర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడి ఉంది. పొట్టిగా, గుండ్రంగా ఉండే మనిషి. వచ్చిన కొత్తలో పెద్దక్కకు జడ వేస్తూ తన మొగుడి మీద చెప్పిన కబుర్లకు పెద్దక్క వంకరపోయిన మూతితోనే నవ్వేది. గురువారం నుంచి ఆ ఇంట్లో జడా లేదు, కబురూ లేదు.

"ఆయమ్మా, ఆ రోజు నువ్వూ తమ్ముడూ కలిసి లేపి పడుకోబెట్టాక నేనొచ్చాను. బట్టలు మార్చింది నేను. నైటీ నడుమంతా తడి. అంచులు మాత్రం ఆరిపోయి అట్టకట్టి ఉన్నాయి. అది మందపాటి కాటను. నేనే కుట్టాను. పది నిమిషాల్లో అలా ఆరదు."

ఆయమ్మ సూపర్‌వైజరు మొహంలోకి చూసింది. అతను పెన్ను మూత పెట్టి తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"నేనడిగింది నిన్ను. ఆయన్ని కాదు."

"నేను ఇంట్లో లేనమ్మా," అంది ఆయమ్మ. అన్నాక ఒక్కసారిగా మాటలు తోసుకొచ్చాయి. "రోజూ రెండింటికి వెనక వీధిలో ముసలాయన దగ్గరికి పోయి నాలుగింటికొస్తాను. ఆయనకి ట్యూబు ద్వారా పాలు పొయ్యాలి. సారే వెయ్యమన్నారు. మీకు చెప్పొద్దని కూడా ఆయనే అన్నారు. ఆయనకీ ఎవరూ లేరమ్మా, నేనేం చెయ్యను!"

"స్టాఫ్ కొరత మేడమ్," సూపర్‌వైజరు గొంతు బరువు కొంత తగ్గింది. "నిద్రపోయే టైమే కదా అని అడ్జస్ట్ చేశాం. తాత్కాలికం."

"ఎన్నాళ్ళనుంచి తాత్కాలికం?"

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. నలుగురూ ఆ చప్పుడు వింటున్నట్టు నిలబడ్డారు.

చిన్నక్క బెల్టును బల్ల మీద పెట్టింది. కోపం వస్తుందనుకుంది గానీ రాలేదు. దాని బదులు ఏదో లెక్క కుదరనప్పటి చిరాకు వచ్చింది. కొలత తీసుకున్నప్పుడు సరిపోయిన పరదా, కిటికీకి వేలాడదీసేసరికి జానెడు పొట్టి అయితే కలిగే చిరాకు అది.

"సరే, నువ్వు లేవు. వీడున్నాడు కదా పక్కగదిలో? నిద్రలో ఉన్నా ఈల ఊదితే లేస్తాడు. చచ్చినవాడు కూడా లేస్తాడు దానికి. మరి పెద్దక్క ఈల ఎందుకు ఊదలేదు?"

ఆయమ్మ తల దించుకుంది. తమ్ముడు మోచేతి మీది పిండిని గోటితో గీరుకోవడం మొదలుపెట్టాడు.

"అడుగుతుంటే మాట్లాడవేం?"

"ఈల మెడలో లేదమ్మా. గోడ మేకుకి ఉంది."

"ఎవరు తగిలించారు?"

"నేనే. రోజూ మధ్యాహ్నం తీసి తగిలించేదాన్ని, వచ్చాక మళ్ళీ మెడలో వేసేదాన్ని." ఆయమ్మ కొంగు వదిలేసింది. "తమ్ముడుగారు తీసెయ్యమన్నారు."

తమ్ముడు గోరు ఆగింది.

"అవును, అన్నాను!" గోడ వదిలి ముందుకొచ్చాడు. "ఏం, ఉరి తియ్యి నన్ను. రాత్రంతా పొయ్యి ముందు నిలబడి వస్తాను. ఇలా కళ్ళు మూసుకుంటానో లేదో, కిటికీ కింద బస్సు ఆగుతుంది. ఈవిడ రెండు ఊదుతుంది. ఆవిడ పర్మిషన్ లేనిదే బస్సు కదలకూడదు! ఇంకో బస్సు. ఇంకో రెండు. ఇది ఇల్లా, డిపోనా? మొన్న నిద్రమత్తులో ట్రే వదిలేశాను, తెలుసా? పక్కవాడి కాలు కాలిపోయేది. మధ్యాహ్నం రెండు గంటలు, ఆ రెండు గంటలే, ఆయమ్మా, దాన్ని తీసి పక్కన పెట్టు అన్నాను. మనిషి పక్కనే ఉంటే ఈల దేనికి అనుకున్నాను. ఇది ఊరు మీద పడి తిరుగుతుందని నాకేం కల వచ్చిందా?"

"సార్ పక్కగదిలో ఉన్నారు కదా అనుకున్నాన్నేను," అంది ఆయమ్మ.

"నేను నిద్రపోతున్నాను!"

"అరిస్తే లేవరా ఎవరైనా?"

"ఎవరరుస్తారే? నోరుంటే కదా!"

ఆ మాట అన్న తరువాత తమ్ముడే ఉలిక్కిపడ్డాడు. మెల్లగా తలుపు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

గురువారం పెద్దక్క ఎటు పడి ఉందో ఆ సాయంత్రం వీళ్ళిద్దరూ చెప్పారు. తల గోడవైపు, కాళ్ళు మంచం కిందికి. బాత్రూముకో, నీళ్ళకో లేచి ఉంటుందనుకుంది చిన్నక్క. బాత్రూము ఇటువైపు. నీళ్ళ సీసా మంచం పక్కనే. గోడవైపు ఉన్నది మేకు ఒక్కటే. ఆమె ఈల కోసం లేచింది.

"ఏదో చప్పుడు వినిపించింది చిన్నక్కా," తమ్ముడి గొంతు దిగిపోయింది. "నిజం చెబుతున్నాను. దబ్బున ఏదో పడ్డట్టు. పిల్లి అనుకున్నాను. అటు తిరిగి పడుకున్నాను."

చిన్నక్క కుర్చీలో కూర్చుండిపోయింది. గోడకు అటువైపు వాడి మంచం, ఇటువైపు నేల మీద ఆమె. మధ్యన ఇటుక వరస ఒకటే. ఆ పొడుగాటి మధ్యాహ్నమంతా పెద్దక్క ఏం విని ఉంటుంది? వీడి గురకే విని ఉంటుంది.

సూపర్‌వైజరు కుర్చీ ఆమెకు దగ్గరగా జరుపుకున్నాడు. ఈసారి చాలా మెత్తగా మాట్లాడాడు.

"మేడమ్, తప్పు ఎవరిదని తవ్వుకుంటూ పోతే ఎవరికీ మంచిది కాదు. ఈల సంగతి మేం రాయలేదు చూడండి. రాస్తే, కుటుంబ సభ్యుడే పేషెంటు పిలిచే సాధనం తీయించాడని రాయాలి. అది ఎక్కడెక్కడికి పోతుందో నేను చెప్పలేను. రెండిళ్ళ సంగతి మీరూ ఎత్తకండి. ఈ కాగితం ఇలాగే ఉంటే ఆయమ్మ ఉద్యోగం ఉంటుంది, సార్‌కి ఇబ్బంది ఉండదు, పేషెంటు ఇంట్లోనే ఉంటారు. ఒక్క బెల్టు. రెండు గంటలు."

"అంటే ఆ రెండు గంటలూ ఆయమ్మ ఉండదు. ఇకమీదట కూడా."

అతను బెల్టును కాగితం పక్కకు జరిపాడు.

"అందుకేనన్నమాట బెల్టు."

ఎంత శుభ్రంగా రాశాడు! ఆయమ్మ తప్పు లేదు, తమ్ముడి తప్పు లేదు, సంస్థ తప్పు అసలే లేదు. మిగిలిన తప్పంతా స్వంత నిర్ణయంతో మంచం దిగిన మనిషి నెత్తిన పడింది. శిక్ష కూడా ఆమెకే.

"పెట్టెయ్యి చిన్నక్కా," అన్నాడు తమ్ముడు. బతిమాలుతున్నాడో, ఏడుస్తున్నాడో తెలియలేదు. "నేను చూసుకుంటాను. బెల్టు ఉంటే పడదు కదా."

"నువ్వు లేచి చూసుకుంటావా? ఈల ఉంచితే లేస్తావా? ఆ ఒక్క మాట చెప్పు, ఈ కాగితం చింపేస్తాను. ఈయన పంపకపోతే పోనీ. పొద్దున నేను దుకాణానికి ఆలస్యంగా పోతాను, సాయంత్రం తొందరగా వస్తాను. మధ్యాహ్నం ఈల నీది. చెప్పరా."

తమ్ముడు నోరు తెరిచాడు. అవుననడానికి ఎంతో దూరం లేదని చిన్నక్కకు అనిపించింది. కానీ అతని కళ్ళు ఎర్రగా, వాచి, కూర్చోబెడితే కూర్చున్నచోటే మూసుకుపోయేలా ఉన్నాయి. తనను తాను నమ్మని మనిషి మాట ఇవ్వలేకపోయాడు. తల వంచుకున్నాడు.

చిన్నక్క లేచి పెన్ను తీసుకోకుండా లోపలి గదిలోకి నడిచింది.

"పేషెంటుకి ఇవన్నీ అర్థమవుతాయా మేడమ్?" సూపర్‌వైజరు వెనకనుంచి అడిగాడు.

"టికెట్టు లేనివాణ్ణి బస్సెక్కకముందే మొహం చూసి పట్టేసేది. మీరు శుక్రవారం వచ్చినప్పుడే మిమ్మల్నీ చూసేసింది."

పెద్దక్క కళ్ళు ఆమె మీదికి తిరిగాయి. చెయ్యి విరిగాక ఈలను నోటిదాకా తెచ్చుకోలేక పోతున్నదని, చిన్నక్క ఒక నాడా ముక్కతో దాన్ని దిండు గలీబుకే కుట్టేసింది. ఎడమవైపు తల కొంచెం తిప్పితే పెదవులకు అందుతుంది. మూతి కుడిపక్క కారిన తడిని కొంగుతో అద్ది, మంచం పట్టె మీద కూర్చుంది.

"అంతా విన్నావు కదా?"

రెండు చిన్న ఈలలు.

"నీ అంతట నువ్వే పడ్డావని రాశారు. రోజూ మధ్యాహ్నం నిన్ను మంచానికి కట్టేస్తారట. నేను సంతకం పెడితే అదే ఖాయం. పెట్టకపోతే రేపటినుంచి ఎవరూ రారు. నేను మానేస్తే దుకాణం వాడు ఇంకొకర్ని పెట్టుకుంటాడు, అప్పుడు మళ్ళీ ఆ హోమే. నా వల్ల కావడంలేదక్కా. నీ మాటే నా మాట. ఆపమంటే ఒకటి ఊదు, కానిమ్మంటే రెండు."

పెద్దక్క చూపు చెల్లెలిని దాటి గుమ్మం మీదికి పోయింది. తమ్ముడు అక్కడికి వచ్చి, గడప దాటలేక, ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. చిన్నప్పుడు బడికి రోజూ ఆలస్యమయ్యేవాడు వాడు. వీధి చివర పుస్తకాల సంచీ ఊగుతూ కనిపించగానే పెద్దక్క ఒక ఈల వేసేది. నిండు బస్సు ఆగిపోయేది. జనం సణిగేవారు, డ్రైవరు తిట్టేవాడు. వాడు రొప్పుతూ ఎక్కి, రాడ్డు పట్టుకున్నాక గానీ రెండు ఈలలు పడేవి కావు.

ఇప్పుడు కూడా ఆమె వాణ్ణి అలాగే చూస్తున్నది. అందుకున్నాడా లేదా అని చూసే చూపు అది.

పెదవులు ఈలను వెతుక్కున్నాయి.

ఒకటి.

చిన్నక్కకు అది ఆపమన్న ఈలగానే వినిపించింది. ఇక చాలు, చింపేస్తాను, ఏమైతే అదే అవుతుంది అనుకుంది. లేవబోయింది.

రెండు.

స్పష్టంగా, సమానంగా, డ్యూటీలో ఊదినట్టే ఊదింది. కదలమని.

"వాడి కోసమా అక్కా?"

ఈల పెదవుల నుంచి జారి దిండు మీద పడింది. పెద్దక్క కిటికీ వైపు తల తిప్పుకుంది. చిన్నక్క ఇంకా ఏదో అడిగింది గానీ, ఆ మొహం మళ్ళీ ఇటు తిరగలేదు.

హాల్లోకి వచ్చి ఆమె చెయ్యి చాచింది. సూపర్‌వైజరు పెన్ను ఇచ్చాడు. సంతకం చోటు వదిలేసి ఆమె కాగితం పైభాగానికి పోయింది. హాజరైనవారు అన్న వరుస చివర, కొలతల చీటీలు రాసే పొందికైన అక్షరాలతో, పెద్దక్క పేరు ఇంటిపేరుతో సహా రాసి, పక్కన 'కండక్టరు' అని చేర్చింది.

"అది ఫార్మాట్‌లో ఉండదు మేడమ్. పేషెంటుని అందులో రాయం."

"ఆవిడ హాజరు లేకుండా నా సంతకం ఉండదు."

సూపర్‌వైజరు గడియారం చూసుకున్నాడు. ఊరుకున్నాడు.

రెండో ప్రతిలోనూ అదే రాసి, ఆమె రెండింటి మీదా సంతకం పెట్టింది. అతను ఒకటి తీసుకుని సంచీలో పెట్టుకుని, ఆయమ్మతో ఏదో గొణిగి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. వీధి తలుపు తనంతట తానే మూసుకుంది.

కిటికీ కింద బస్సు వచ్చి ఆగింది. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. ముగ్గురూ తమకు తెలియకుండానే చెవులు రిక్కించారు. లోపలి గదిలోంచి ఏ చప్పుడూ రాలేదు. బస్సు కాసేపు గుర్రుమని, దానంతట అదే కదిలిపోయింది.

"రెండవుతోందమ్మా," ఆయమ్మ బల్ల మీది బెల్టు అందుకుంది. "ముసలాయన పాలవేళ. కట్టమంటారా?"

ఆయమ్మ ఒక అడుగు వేసింది. అప్పుడు గడప దగ్గరినుంచి తమ్ముడు కదిలి వచ్చి, ఆమె చేతిలోంచి బెల్టు తీసుకున్నాడు. పెద్దక్క గదిలోకి వెళ్ళాడు. కట్టడానికి వెళ్ళాడా? ఆ పక్కనే చాప పరుచుకోవడానికి వెళ్ళాడా? బకిలు మంచం పట్టెకు తగిలిన చప్పుడు ఒకసారి వినిపించింది.

చిన్నక్క అటు తిరిగి చూడలేదు. తన ప్రతిని నాలుగు మడతలు పెట్టి, బీరువా అడుగు అరలోంచి పెద్దక్క టికెట్ల తోలు సంచీ తీసి, చిల్లర గరుకు ఇంకా పోని లోపలి అరలో దాన్ని దోపి, బిరుసెక్కిన మూతను బొటనవేలితో నొక్కి పెట్టింది.